ఒకే తుపాకీ, ఒకే తూటా

"కేసు అయిపోయిందమ్మాయ్. సంతకం పెట్టి బయల్దేరడమే నీ పని."

కోబుస్ లాంపెర్ట్ తుపాకుల గదిలో బల్ల మీద ఒక ఖాళీ తూటాని నిలబెట్టి, ఆట గెలిచినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. ఒకప్పుడు పోలీసు కెప్టెన్. రిటైరయ్యాక చుట్టుపక్కల ఫారాల రైతులంతా కలిసి కాపలా అధికారిగా పెట్టుకున్నారు. దొంగ వేటగాళ్ళని పట్టడం అతని ఉద్యోగం.

ఇన్‌స్పెక్టర్ రాహెల్ కవారి కూర్చోలేదు. రాజధాని విండ్‌హుక్ నుంచి చీకటితో బయల్దేరి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లాంపెర్ట్ కిందే కానిస్టేబుల్‌గా చేసింది. ఒక్క కేసు దగ్గరికీ రానివ్వకుండా ఆమె చేత కాఫీలు కలిపించాడు.

"మొదట్నుంచీ చెప్పండి, కెప్టెన్ గారూ."

"చెప్పడానికేముంది? నిన్న మధ్యాహ్నం హార్ట్‌ముట్ రెడెకర్ నీళ్ళగుంట దగ్గర మాటులో కూర్చున్నాడు. ఈ ఫారం యజమాని, నాకు పాత స్నేహితుడు. ఎదురుగా ముళ్ళచెట్టు కింద నిలబడి ఎవడో గుండెల్లో కాల్చాడు. గుండు వీపులోంచి దూసుకుపోయి ఇసకలో కలిసిపోయింది. అది దొరకదు. చెట్టు కింద ఇది దొరికింది. థర్టీ-నాట్-సిక్స్ తూటా. ఈ ఫారంలో థర్టీ-నాట్-సిక్స్ తుపాకీ ఒక్కటే. అది నిన్న జాడలు తీసే ఎలియాస్ గారిసెబ్ చేతిలో ఉంది. పనివాళ్ళ కూరకి కొమ్ముల జింక ఓరిక్స్‌ని కొట్టుకురమ్మని రెడెకరే ఇచ్చాడు. అంతకుముందు వారమే ఇద్దరూ అరుచుకున్నారు. ఇంకేం కావాలి నీకు?"

"ఎలియాస్ ఎక్కడ?"

"తోళ్ళు దాచే ఉప్పు కొట్లో. తాళం వేశాను."

"ఎవరి అధికారంతో?"

"మీ బండి వచ్చేదాకా వాణ్ణి పొదల్లోకి వదిలెయ్యమంటావా? నేను పోలీసునైనప్పుడు నువ్వు బడికి వెళ్తున్నావు."

రాహెల్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఖాళీ తూటాని ముక్కు దగ్గర పెట్టుకుంది. నిన్న పేలిందైతే కాలిన మందు వాసన గుప్పుమనాలి. మూతి చుట్టూ మసి ఉండాలి. ఇది కొత్త ఇత్తడి చెంబులా తళతళలాడుతోంది. తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. చిటికెడు గోధుమరంగు పొడి రాలింది.

"మట్టి," అన్నాడు లాంపెర్ట్.

"ఇక్కడి మట్టి ఎరుపు."

గది మూలన ఒక చిన్న డ్రమ్ము ఉంది. రెడెకర్ తన తూటాలు తానే నింపుకునేవాడు. పేలిన వాటిని ఆ డ్రమ్ములో వేసి తిప్పితే నిగనిగలాడుతూ వస్తాయి. రాహెల్ మూత తీసింది. లోపల అదే గోధుమరంగు పొడి.

"అక్రోటు చిప్పల పొడి. ఈ తూటా నిన్న పేలలేదు, కెప్టెన్. ఎప్పుడో పేలింది, ఈ డ్రమ్ములో ఒళ్ళు తోముకుంది, తర్వాత నడుచుకుంటూ ముళ్ళచెట్టు కిందకి వెళ్ళింది. కాళ్ళున్న తూటా."

లాంపెర్ట్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "పగలు ఈ గదిలోకి ఎవడైనా రావచ్చు. ఎలియాస్ కూడా."

"తన మీదికే నేరం వచ్చేలా తూటా పడేసుకోవడానికా?"

"వాళ్ళకి అంత బుర్ర ఉంటుందని ఎందుకనుకుంటున్నావు?"

రాహెల్ తూటాని సంచిలో వేసి ముడి బిగించింది. గొంతు మార్చి అడిగింది. "సరే. తుపాకుల సంగతి నాకంటే మీకు బాగా తెలుసు."

"ఇప్పటికి ఒప్పుకున్నావు."

"మా అన్న పొలం దగ్గర వేటకి తుపాకీ కొనుక్కోవాలి. ఒక్కటే. బయల్లో దూరంగా నిలబడే చిన్న జింక స్ప్రింగ్‌బక్‌కీ అదే, దట్టమైన పొదల్లో దాగే పెద్ద జింక కుడూకీ అదే, ఎద్దుని మించిన జింక ఎలాండ్‌కీ అదే. మీరైతే ఏ తుపాకీ కొంటారు? ఏ గుండు వేస్తారు?"

తుపాకుల గురించి అడగకపోయినా గంటలు మాట్లాడే మనిషి, ఒక్క క్షణం ఆగాడు.

"థర్టీ-నాట్-సిక్స్. రెడెకర్‌లాగే. సీసం గుండు, మూతి మెత్తగా ఉండేది. చిన్న జింకకి తేలిక గుండు, ఎలాండ్‌కి బరువైంది. అంతే."

"మీరూ అదే వాడతారా?"

"బుద్ధున్న వాడెవడైనా అదే వాడతాడు."

రాహెల్ తల ఊపింది. ఆమె చొక్కా జేబులో ఒక చిన్న డబ్బా ఉంది. ఆ డబ్బాలో, ఇసకలో కలిసిపోయిందని లాంపెర్ట్ అనుకుంటున్న గుండు ఉంది.

పొద్దున్నే ఆమె ఫారం ఇంటికి రాకుండా నేరుగా నీళ్ళగుంట దగ్గరికి వెళ్ళింది. ఆ మాటుకి వెనక గోడ పాత రైలు దుంగలతో కట్టింది. రెడెకర్ వీపు ఆనే చోట ఒక దుంగలో కొత్త చిల్లు కనిపించింది. ఉలితో తవ్వి తీసింది. సీసం కాదు. మొత్తం రాగి. ముందు భాగం నాలుగు రేకులుగా విచ్చుకుని వెనక్కి మడిచిన పువ్వులా ఉంది. అడుగు కొలిస్తే థర్టీ లావే. అయితే ఆ లావు గుండు థర్టీ-నాట్-సిక్స్‌కే కాదు, త్రీ-నాట్-ఎయిట్‌కీ సరిపోతుంది, త్రీ హండ్రెడ్ మాగ్నంకీ సరిపోతుంది. లావు చూసి తుపాకీ చెప్పలేం. రెడెకర్ బల్ల మీద, సొరుగుల్లో ఎక్కడా ఒక్క రాగి గుండు లేదు. వేటగాడికి గుండు ఎంచుకోవడమంటే మతం పుచ్చుకున్నట్టే. అందుకే ఈ ఫారంలో ప్రతి మనిషినీ ఆ ఒక్క ప్రశ్నే అడగాలనుకుంది.

"ఉప్పు కొట్టు తాళంచెవి ఇవ్వండి."

"ఇవ్వను."

"ఒక మనిషిని అక్రమంగా బంధించినందుకు ముందు మిమ్మల్నే తీసుకెళ్ళాల్సి వస్తుంది. మీ పాత స్టేషన్‌కే. కాఫీ ఇప్పిస్తాలెండి."

లాంపెర్ట్ తాళంచెవిని ఆమె కాళ్ళ దగ్గర విసిరేశాడు. రాహెల్ దాన్ని చూడలేదు. అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

"తీసి చేతికివ్వండి."

చివరికి లాంపెర్టే వంగాడు.

*

ఉప్పు కొట్లో తోళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు ఎలియాస్. యాభై దాటిన మనిషి. కింది పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. తలుపు తెరుచుకుంటే లేవలేదు.

"కొట్టాడా?"

"మీవాడేగా. పాత పోలీసుదైనా కొత్త పోలీసుదైనా దెబ్బ ఒకటే."

"నేను కొట్టడానికి రాలేదు, పెద్దాయనా. రెడెకర్‌తో గొడవేమిటి?"

"మా ఇళ్ళు కొండవతలకి మార్చుకోమన్నాడు. మా నాన్న సమాధి ఇక్కడుంది. కదలనన్నాను. ఆయన అరిచాడు, నేనూ అరిచాను. అరిస్తే ఉరా?"

"నిన్నటి సంగతి?"

"ఉత్తరం గుంట దగ్గర ఓరిక్స్‌ని కొట్టాను. ఒక్క దెబ్బ. వంటింట్లో ఆడవాళ్ళు కూడా విన్నారు. పోయి అడుగు."

"అడిగాను. ఒక్క మోతే విన్నారు."

"ఒక్కసారే కాల్చాను కాబట్టి. ఆ తుపాకీ పేలితే ఊరంతా తెలుస్తుంది. మరి పెద్దదొరని కొట్టిన మోత ఏదీ? నా ఓరిక్స్‌ని, ఆయన్ని, ఇద్దర్నీ ఒకే గుండుతో కొట్టానా? అంత మొనగాణ్ణా?"

రాహెల్ దగ్గరికొచ్చి ఒక పెట్టె మీద కూర్చుంది. రెడెకర్ చచ్చిపోయిన నీళ్ళగుంట ఇంటికి దగ్గరే. అక్కడి మోత ఎవరికీ వినపడలేదంటే, పేలిన తుపాకీకి సైలెన్సర్ ఉంది. రెడెకర్ థర్టీ-నాట్-సిక్స్‌కి లేదు. ఆమె స్వయంగా చూసింది. అది ఇప్పుడు చీటీ కట్టించుకుని ఆమె బండిలో ఉంది.

"ఇంకో మాట. స్ప్రింగ్‌బక్ నుంచి ఎలాండ్ దాకా అన్నిటికీ ఒక్క తుపాకీ ఎంచుకోమంటే ఏది ఎంచుకుంటావు?"

ఎలియాస్ మొదటిసారి తలెత్తి చూశాడు. నవ్వబోయి, పెదవి నొప్పెట్టి ఆగాడు.

"నన్నా అడగడం? కూర కావాలంటే చేతిలో పెడతారు. భయం వేస్తే లాక్కుంటారు. నేనెప్పుడు ఎంచుకున్నాను? పెద్దదొర తుపాకీ తప్ప నాకింకోటి తెలీదు. రాసుకో."

"కోల్డ్ రూములో ఎలాండ్ తోలు ఒలవకుండా వేలాడుతోందని వంటింట్లో చెప్పారు. ఎందుకు?"

"ఒలిచేవాణ్ణి ఇక్కడ పడేశారుగా." తర్వాత ఇష్టం లేకుండానే అన్నాడు. "పెద్దదొర కూడా వద్దన్నాడు. 'నేనొచ్చేదాకా కత్తి పెట్టకు. తోలు కింద నాకో వస్తువు కావాలి' అన్నాడు. ఆ మధ్యాహ్నమే పోయాడు."

"ఏ వస్తువు?"

ఎలియాస్ గోడవైపు తిరిగాడు. "పోలీసులకి చెప్పేవి అయిపోయాయి."

*

కోల్డ్ రూము మెట్ల మీద కూర్చుని డివాల్ట్ ఫూరీ ఎండుమాంసం ముక్కని కత్తితో చెక్కుకుంటూ తింటున్నాడు. ఈ ఫారానికి వేటకొచ్చే అతిథుల్ని తీసుకెళ్ళేది అతనే. నిన్న సాయంత్రం శవాన్ని మొదట చూసిందీ అతనే. పక్కన గోడకి అతని తుపాకీ ఆనించి ఉంది.

"కొలుచుకోండి, ఇన్‌స్పెక్టర్. సిక్స్ పాయింట్ ఫైవ్. ముసలాణ్ణి కొట్టింది థర్టీ అంటున్నారు. నా గుండు దానికంటే సన్నం. నా పని అయిపోయింది, మీ పని చూసుకోండి."

"ఇదొక్కటేనా మీ తుపాకీ?"

"ఒక్కటి చాలు. భుజాన్ని తన్నదు. తన్నదు కాబట్టి గురి చెదరదు. గుండు గీత గీసినట్టు దూరం పోతుంది. గురి కుదిరితే చిన్న జింకా ఒకటే, ఎలాండూ ఒకటే. పెద్ద తుపాకీ చేతకానివాడి ఊతకర్ర."

"ఎలాండ్‌కి సరిపోయిందా?"

కత్తి ఆగింది. "ఎవరు వాగారు?"

"ఎవరూ వాగలేదు. మీ కత్తే ఆగింది."

డివాల్ట్ మాంసం ముక్కని మెట్ల కింద ఉన్న కుక్కకి విసిరాడు. "పోయిన వారం ఒక అతిథి నా తుపాకీతో ఎలాండ్‌ని కొట్టాడు. భుజం ఎముక మీద తగిలింది. గుండు ముక్కలైంది గానీ లోపలికి పోలేదు. ఎలాండ్ పొదల్లోకి పోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతిథులందరి ముందూ ముసలాడు నన్ను నానా మాటలూ అన్నాడు. 'జంతువుని గాయపరిచి వదిలేసేవాడు కసాయికన్నా హీనం' అన్నాడు. 'సరైన తుపాకీ కొనుక్కునేదాకా నా నేల మీద వేటకి పోవద్దు' అన్నాడు."

"అందుకే చంపారా?"

"చంపేవాణ్ణే. అక్కడే, సూపు గిన్నెతో." అతను ఉమ్మేశాడు. "కానీ ఆయన మాట నిజం. అది ఇంకా మండుతోంది."

"మరి చివరికి ఎలాండ్‌ని ఎవరు పడగొట్టారు?"

"లాంపెర్ట్. ఇంట్లో ముసలాడి తుపాకీ ఉంది, కాల్చడానికి ఎలియాస్ ఉన్నాడు. అయినా ముసలాడు పనిగట్టుకుని లాంపెర్ట్‌కి కబురు పెట్టాడు. 'నువ్వే రావాలి, నీ తుపాకీతోనే కొట్టాలి' అని. నిన్న పొద్దున ఒక్క దెబ్బకి పడింది. చప్పుడు కూడా లేదు, సైలెన్సర్ ఉందిగా."

"ఏ తుపాకీ?"

"త్రీ హండ్రెడ్ మాగ్నం. రాగి గుండు. ఇంకోటి ముట్టుకోడు. ఆదివారం బొగ్గుల మీద మాంసం పెట్టగానే మొదలుపెడతాడు. రాగి చిన్న జింక మాంసాన్ని పాడు చెయ్యదు, పెద్ద ఎముక మీద పగలదు, సీసంలాగా మిగిలిన మాంసం తిన్న రాబందుల్ని చంపదు, ఒకసారి గురి సరిచేసుకుంటే జన్మంతా మార్చక్కర్లేదు... మా చెవులు చిల్లులు పడ్డాయి."

"నాతో మాత్రం థర్టీ-నాట్-సిక్స్, సీసం గుండు అన్నాడు."

డివాల్ట్ ఆమెని తేరిపారజూశాడు. "లాంపెర్టా? దేవుడు లేడన్నాడంటే నమ్ముతాను. ఇది నమ్మను."

"ఈ రూము తాళం ఎవరి దగ్గర?"

"నా దగ్గర. పొద్దున వచ్చి అడిగాడు వాడు. ఎలాండ్ చెడిపోతుందట, లారీ పిలిపించాడట. ఇవ్వలేదు. వాడంటే నాకు పడదు."

"నాకివ్వండి."

"మీరన్నా నాకు పడదు."

"పడక్కర్లేదు. తాళం చాలు."

*

ఎలాండ్ గొలుసుకి తలకిందులుగా వేలాడుతోంది. దాని బరువుకి పైన ఇనుప దూలం వంగినట్టు కనిపిస్తోంది. రాహెల్ చేతులు పైకి మడుచుకుంది. ఎలియాస్ కత్తి పట్టుకుని, నమ్మకం లేని చూపుతో పక్కనే నిలబడ్డాడు. అతన్ని ఆమే కొట్లోంచి తీసుకొచ్చింది. బయట మెట్ల మీంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"వాణ్ణెవరు వదిలారు?" లాంపెర్ట్ గుమ్మంలో నిలబడ్డాడు. "హంతకుడి చేతికి కత్తి ఇచ్చావా? నీ పై అధికారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. ఎలాండ్ తోలు ఒలుస్తున్నామని చెప్పండి."

"అది కుళ్ళిపోయింది. లారీ దారిలో ఉంది. ముట్టుకోవద్దు."

"రాత్రంతా చలిలో ఉన్న మాంసం కుళ్ళిందా? వాసన నాకు రావడం లేదే. మీకొస్తోందా, పెద్దాయనా?"

ఎలియాస్ కత్తి మొన ఎడమ భుజం దగ్గర పెట్టి తోలు చీల్చాడు. అక్కడ పాత గాయం. చీము కట్టింది. రాహెల్ వేళ్ళు పెట్టి కెలికింది. ఎముక మీద సన్నని సీసం ముక్కలు, చిరిగిన తొడుగు. "ఇది డివాల్ట్‌ది. చిన్న గుండు పెద్ద ఎముకతో తలపడి ఓడిపోయింది."

గుమ్మం బయట డివాల్ట్ మొహం తిప్పుకున్నాడు.

ఆ గాయానికి జానెడు వెనక ఇంకో చిల్లు. ఇది తాజాది, గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ఎలియాస్ జంతువుని అటువైపు తిప్పాడు. అవతలి భుజం మీద తోలు కింద చిన్న బొడిపె. అతను కత్తి ఆనించబోతుంటే రాహెల్ చెయ్యి చాపింది. కత్తి తీసుకుని తనే కోసింది. రక్తంతో పాటు అరచేతిలోకి ఒక వస్తువు జారింది.

రాగి. నాలుగు రేకులు.

ఆమె చొక్కా జేబులోంచి డబ్బా తీసింది. దాంట్లోని గుండుని దీని పక్కన పెట్టింది. ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి రెండూ.

"ఇది మీరు నిన్న పొద్దున ఎలాండ్‌ని కొట్టింది. ఇది నిన్న మధ్యాహ్నం రెడెకర్‌ని కొట్టింది. ఇసకలో కలవలేదు, కెప్టెన్. దుంగలో దాక్కుంది."

లాంపెర్ట్ కళ్ళు ఆ రెండు గుండ్ల మీద ఆగిపోయాయి. "రాగి గుండ్లు విండ్‌హుక్‌లో ఏ కొట్లో అయినా దొరుకుతాయి. వేలమంది కొంటారు."

"కొంటారు. కానీ కొన్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారు మీరు. నేను గుండు గురించి అడిగితే, ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్న రాగిని ఒక్క క్షణంలో కాదనేశారు."

"నేనెందుకు చంపుతాను వాణ్ణి? కారణం చూపించు! ఉందా?"

రాహెల్ దగ్గర కారణం లేదు. ఆ సంగతి ఆమె మొహంలో కనిపించింది. లాంపెర్ట్ పెదవుల మీద నవ్వు మొలిచింది.

అప్పుడు ఎలియాస్ చొక్కా లోపలికి చెయ్యి పెట్టాడు. నడుముకి గుడ్డతో కట్టుకున్న పొగాకు డబ్బా తీశాడు. మూత విప్పి, కసాయి బల్ల మీద బోర్లించాడు. గుప్పెడు రాగి పువ్వులు గలగలమని రాలాయి. కొన్నింటికి ఎముక పొడి అంటుకుని ఉంది.

"కుడూలవి," అన్నాడు. "రాత్రిళ్ళు మాయమయ్యే కుడూలు. మాంసం పట్టుకుపోతారు, ఎముకలు నక్కలకి వదిలేస్తారు. పెద్దదొరా నేనూ ఆ ఎముకల్లో వెతికాం. రెండేళ్ళు. ప్రతిదాంట్లో ఇదే. 'ఈ గుండు ఒక్కడిదే, ఎలియాస్. కానీ వాడి తుపాకీ నుంచి నా కళ్ళముందు వచ్చిన గుండు ఒకటి కావాలి' అన్నాడు. అందుకే ఎలాండ్‌ని కొట్టమని నిన్ను పిలిచాడు, కెప్టెన్."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?" రాహెల్ అడిగింది.

"ఎవరికి చెప్పను? ఆ కుడూల దొంగ అని మా తమ్ముడి కొడుకుని జైల్లో పెట్టించింది ఈ కెప్టెనే. తీసుకెళ్ళింది మీ పోలీసులే. నువ్వు వాడి మొహం మీద ఆ మాట అనేదాకా నువ్వెవరివో నాకేం తెలుసు?"

రాహెల్‌కి ఇప్పుడు అంతా వరసగా అర్థమైంది. దొంగలు రాకుండా కాపలా కాసేవాడే దొంగ. ఏ రాత్రి ఏ ఫారం దగ్గర కాపలా ఉండదో అతనికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఎలాండ్‌ని కొట్టాక, దాని తోలు తన ముందే ఒలవాలని రెడెకర్ పట్టుబట్టినప్పుడు, ఎందుకు పిలిచాడో లాంపెర్ట్‌కి తెలిసిపోయింది. ఒలిచేలోగా అడిగినవాణ్ణి చంపాడు, ఒలిచేవాణ్ణి కొట్లో వేశాడు.

"మంచి ఎంపికే చేశారు, కెప్టెన్," అందామె. "స్ప్రింగ్‌బక్ నుంచి ఎలాండ్ దాకా ఒకే తుపాకీ, ఒకే గుండు. కుడూలకీ అదే. రెడెకర్‌కీ అదే. మీకు రెండు తుపాకులుండి ఉంటే మిమ్మల్ని పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు."

లాంపెర్ట్ ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి మెట్లు దూకాడు. రాహెల్ పిస్తోలు తీసి వెంటపడేసరికి అతను తన పికప్ తలుపు లాగి సీటు వెనక తడుముతున్నాడు. తడుముతూనే ఉన్నాడు.

"దీని కోసమా?"

వాకిట్లో డివాల్ట్ నిలబడి ఉన్నాడు. అతని చేతుల్లో పొడుగాటి తుపాకీ, దాని మూతికి నల్లని సైలెన్సర్. "రాగి అన్న మాట వినగానే వెళ్ళి తీశాను. మీ కోసం కాదు, ఇన్‌స్పెక్టర్, పొంగిపోకండి. వీడు నా మీదికి కూడా తోసేవాడు."

రాహెల్ లాంపెర్ట్ మణికట్లకి బేడీలు వేసి, పికప్ వెనక కడ్డీకి తగిలించింది. అతను పెనుగులాడలేదు. చెవి రిక్కించి వింటున్నాడు. ఆమె కూడా విన్నది. దూరంగా గేటు వైపు నుంచి ఇంజను రొద. ఎర్రని దుమ్ము లేస్తోంది.

"నీకు ఇప్పటికీ పని రాదమ్మాయ్," అన్నాడు తాపీగా. "రెండేళ్ళ మాంసం నేనొక్కణ్ణే మోశాననుకున్నావా? ఆ లారీ ఎవరిదని ఒక్కసారైనా అడిగావా?"

దుమ్ములోంచి తెల్లని లారీ బయటపడింది. పైన నిలబడ్డ మనుషుల చేతుల్లో తుపాకులు ఎండకి మెరిశాయి. లాంపెర్ట్ ఊపిరి బిగబట్టి గొంతు చించుకుని అరిచాడు.

"పోలీసు! ఆపకండిరా! తొక్కేయండి!"

లారీ వేగం పెరిగింది.

రాహెల్ తన బండి దగ్గరికి పరిగెత్తింది. వెనక తలుపు తెరిచి రెడెకర్ థర్టీ-నాట్-సిక్స్‌ని బయటికి లాగింది. దాని మెడకి కట్టిన సాక్ష్యం చీటీని పళ్ళతో కొరికి తెంపేసింది. తూటాల పెట్టెతో సహా ఎలియాస్ చేతుల్లో పెట్టింది.

ఎలియాస్ దాన్ని భుజానికెత్తలేదు, విసిరేయలేదు. పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. "దీంతోనే చంపానన్నారు నన్ను."

"అన్నది నేను కాదు. నాకు పిస్తోలు తప్ప గురి కుదరదు, పెద్దాయనా. డివాల్ట్‌కి ఆ తుపాకీ కొత్త. నీకిది తెలుసు."

ఎలియాస్ బండి చక్రం వెనక మోకాళ్ళ మీద కూలబడి, తూటాలు ఒక్కొక్కటే లోపలికి నొక్కాడు. డివాల్ట్ నీళ్ళ తొట్టి గోడ వెనక బోర్లా పడుకున్నాడు. రాహెల్ ఎలియాస్ పక్కన ఒదిగింది.

"ముందు టైరా, మేడమ్, మనిషా?"

"టైరు. వాళ్ళు తుపాకులెత్తితే మాత్రం నన్ను అడగొద్దు."

ఎలియాస్ తల ఊపి, చిట్లిన పెదవిని తుపాకీ కర్రకి ఆనించి, ఒక కన్ను మూశాడు.

లారీ పైనున్నవాళ్ళు తుపాకులెత్తారు.